తామ్రగిరి రాజు గుండెమంట

అనగనగా, రాజు నోటి మాటే శాసనమై చెల్లే రోజుల్లో, తామ్రగిరి అనే రాజ్యం ఉండేది పిల్లలూ. దాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు.

యుద్ధంలో ఆయనంతటి వీరుడు లేడు. పొద్దు పొడిచింది మొదలు గుర్రం మీదే ఉండేవాడు. ఆకలేస్తే గుప్పెడు అటుకులు మజ్జిగలో తడిపి తినేవాడు, వాగు నీళ్లు తాగేవాడు, మళ్లీ గుర్రం ఎక్కేవాడు. శత్రువులందరూ ఓడిపోయారు. కత్తులు ఒరల్లోకి వెళ్లాయి. అప్పుడు మొదలయ్యాయి విందులు.

పగలంతా కొలువు. కొలువు చాలించాక పాటలు, కల్లు కుండలు. ఊరంతా సద్దుమణిగాక ఎప్పటికో భోజనం. నేతిలో వేయించిన మాంసం, చిక్కటి చింతపండు పులుసు, నాలుక చుర్రుమనే ఊరగాయలు. విస్తరి నిండేది, ఖాళీ అయ్యేది, మళ్లీ నిండేది. చెయ్యి కడుక్కోవడం ఆలస్యం, రాజు పట్టుపరుపు మీద వెల్లకిలా వాలిపోయేవాడు.

కొన్నాళ్లకు రొమ్ములో మంట మొదలైంది. పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. నిద్రలో ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చునేవాడు. కూర్చుంటే కాస్త తగ్గేది, పడుకుంటే మళ్లీ వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఒకప్పుడు ఆయన కేక వేస్తే సేనలు కదిలేవి. ఇప్పుడు ఆయన మాట పక్కన నిలబడ్డ మంత్రికే సరిగా వినపడటం లేదు.

ఆస్థాన వైద్యుడి పేరు వాచస్పతి. గొప్ప చదువు చదివినవాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. జబ్బు ఏమిటో ఆయనకు వెంటనే తెలిసిపోయింది. తిండి తగ్గించమని చెప్పబోయి రాజు ముఖంలోకి చూశాడు. ఆ ముఖం చూశాక చెప్పాలనుకున్న మాట మానుకున్నాడు.

"శంఖభస్మం ఇస్తాను ప్రభూ. పాలలో కలిపి తాగండి. చిటికెలో చల్లబడుతుంది" అన్నాడు.

చల్లబడింది. రాజు సంతోషించాడు. "మందు ఉంది కదా" అని మరికాస్త తిన్నాడు. మంట మళ్లీ వచ్చింది, ముందుకంటే ఎక్కువగా వచ్చింది.

వాచస్పతి భస్మం రెట్టింపు చేశాడు. కొద్దిరోజులు బాగానే ఉంది. రాజు విందులూ రెట్టింపు చేశాడు. మంట మళ్లీ వచ్చింది.

మూడోసారి రాజు వైద్యుణ్ణి పిలిపించి, కత్తి తీసి ఒళ్లో పెట్టుకుని అడిగాడు. "నీకు వైద్యం వచ్చా, రాదా? ఈ మంట తగ్గకపోతే అబద్ధాలాడే ఆ నాలుక నీకు ఉండదు."

ప్రాణభయంలో మనిషికి ఎంత మాటైనా వస్తుంది. వాచస్పతికి ఈ మాట వచ్చింది.

"ప్రభూ, నా మందులో లోపం లేదు. ఇది జబ్బైతే ఎప్పుడో తగ్గేది. ఎవరో మీ అన్నంలో విషం కలుపుతున్నారు."

రాజు చూపు వంటశాల వైపు తిరిగింది.

రాజుగారి వంటశాలకు పెద్ద బయ్యన. యుద్ధాల రోజుల నుంచీ రాజు వెంట ఉన్నవాడు. బురదలో, వానలో, గుడారాల్లో పొయ్యి వెలిగించి రాజుకు వండిపెట్టినవాడు. రాజు అవస్థ చూడలేక కొంతకాలంగా ఆయన చాటుగా పులుసులో చింతపండు తగ్గిస్తున్నాడు, కూరలో కారం తగ్గిస్తున్నాడు. ఒకసారి ధైర్యం చేసి, విస్తట్లో మాంసానికి బదులు మజ్జిగన్నం వడ్డించాడు కూడా.

"ఈ ఒక్క పూటకూ ఇది తినండి ప్రభూ. కడుపు తేలికపడుతుంది" అన్నాడు.

రాజు ఆ విస్తరిని కాలితో తన్నాడు. "నా తిండి నాకు నేర్పేపాటివాడివా?"

ఆ సంగతి వాచస్పతికి తెలుసు. "ఈమధ్య వంట రుచి మారలేదా ప్రభూ?" అని మెల్లగా అడిగాడు. "విషం కలిపితే రుచి మారుతుంది."

రాజు కాసేపు ఆలోచించాడు. "అవును, మారింది" అన్నాడు.

బయ్యనను లాక్కొచ్చారు. చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది. తన మీద పడిన నింద విని ఆయన ఏడవలేదు. సాక్ష్యం కోసం వంటశాల నుంచి తెచ్చిన రాజు పళ్లెం దగ్గరకు వెళ్లి, అందులోంచి పిడికెడు పిడికెడు తీసి అందరి ముందూ తిన్నాడు.

"విషం ఉంటే నేను పడిపోవాలి కదా ప్రభూ" అన్నాడు.

"ఇది మెల్లగా పనిచేసే విషం" అన్నాడు వాచస్పతి, నేల చూస్తూ.

బయ్యన రాజు వైపు తిరిగాడు. "అటుకులు తిని గుర్రం ఎక్కిన రోజుల్లో మీకు ఈ మంట లేదు ప్రభూ. అప్పుడూ మీకు తిండి పెట్టింది నేనే. ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంకేమీ అడగను."

రాజు గుర్తు చేసుకోలేదు. ఆ క్షణంలోనే మంట ఎగదన్నింది. రొమ్ము పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి ఊపాడు. భటులు బయ్యనను బురుజు మీదికి తీసుకెళ్లారు. రాజు చూస్తుండగానే అక్కణ్ణించి కిందికి తోసేశారు.

ఆయన భార్య ముత్తక్కను, పిల్లలను కోటలోంచి వెళ్లగొట్టారు. బయ్యన రాజద్రోహి అని వీధివీధినా దండోరా వేశారు. ఊరి చివర ఒక పూరిపాకలో తలదాచుకుని, ఆమె ఇంటింటికీ పిండి విసురుతూ పిల్లల్ని సాకింది. చాలా గుమ్మాలు ఆమెను చూడగానే మూసుకునేవి. "విషగాడి పెళ్లాం విసిరిన పిండి మాకొద్దు" అనేవారు.

ఇక రాజు సంగతి. ఆ ఘోరం కళ్లారా చూశాక ఆయనకు కొన్నాళ్లు అన్నం సహించలేదు. కాస్త గంజి తాగి ఊరుకునేవాడు. చిత్రంగా మంట తగ్గింది.

"చూశారా ప్రభూ? విషం పెట్టినవాడు పోయాడు, బాధ పోయింది" అన్నాడు వాచస్పతి.

రాజు నమ్మాడు. కొత్త వంటవాళ్లు వచ్చారు. ఆకలి తిరిగొచ్చింది, విందులు తిరిగొచ్చాయి. మంట కూడా తిరిగొచ్చింది. ఈసారి అన్నం ముద్ద గొంతు దిగడమే కష్టమైంది. మింగితే లోపల పుండు మీద ఉప్పు రాసినట్టు ఉండేది.

"బయ్యనకు తోడుదొంగలు ఉండి ఉంటారు" అన్నాడు వాచస్పతి. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే మరొకటి కావాలి కదా. బయ్యన దగ్గర పనిచేసిన అన్నదమ్ములిద్దరిని చెరసాలలో వేశారు. అయినా మంట తగ్గలేదు.

చివరికి రాజు విసిగిపోయాడు. తన జబ్బు నయం చేసినవారికి కోరింది ఇస్తానని రాజ్యమంతా చాటించాడు.

సరిహద్దు పల్లెలో మైలాంబ అనే వైద్యురాలు ఉండేది. తండ్రి దగ్గర శాస్త్రం చదివి, ఏళ్ల తరబడి వైద్యం చేసి తల నెరిసినావిడ. ఆమె నడిచి నడిచి కోటకు వచ్చింది. నాడి చూసింది. తరువాత అంది, "మందు ఇచ్చే ముందు మూడు మాటలు అడగాలి ప్రభూ. ఎప్పుడు తింటారు? ఎంత తింటారు? తిన్నాక ఏం చేస్తారు?"

"నిన్ను పిలిచింది మందు కోసం. నా భోజనం లెక్కలు అడగడానికి కాదు" అన్నాడు రాజు బొంగురు గొంతుతో.

"అవి చెబితేనే మందు ప్రభూ."

రాజు అయిష్టంగా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. విని, తల ఊపింది.

"దీని పేరు ఆమ్లపిత్తం. అన్నం అరగడానికి కడుపులో పుల్లటి రసం ఊరుతుంది. అది కడుపులో ఉన్నంతసేపూ మనకు మేలే చేస్తుంది. కుండను నిండా నింపి పక్కకు వంచితే ఏమవుతుంది? మూతి దాకా వచ్చి ఒలుకుతుంది. మీరు నిండా తిని వెంటనే పడుకుంటున్నారు. ఆ రసం గొంతులోకి వచ్చి కాలుస్తోంది. భస్మం మంటను కాసేపు ఆపుతుంది గాని, ఒలకడాన్ని ఆపదు."

"ఏం చెయ్యాలి?"

"పొద్దు గూకకముందే తినండి. కడుపులో కొంత చోటు మిగిలి ఉండగానే విస్తరి ముందు నుంచి లేవండి. లేచి కాసేపు నడవండి. కల్లు, పులుపు, కారం, వేపుడు మానండి. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టించి ఎత్తు చేయించండి. నెమ్మదిగా తగ్గుతుంది."

రాజు ముఖం పాలిపోయింది.

"అయితే ఇది విషం కాదా?"

"విషమా?" మైలాంబ ఆశ్చర్యపోయింది. "కాదు ప్రభూ. విషం ఎవరు పెడతారు?"

"బయ్యన."

"బయ్యన ఎవరు?"

వాచస్పతి తలవంచుకున్నాడు. మంత్రి కిటికీలోంచి బయటికి చూశాడు. విషం నెపంతో ఒక అమాయకుణ్ణి చంపేశారని ఆమెకు అర్థమైంది.

రాజుకూ అర్థమైంది. ఈమె మాట నిజమైతే మందు దొరికినట్టే. కాని ఈమె మాట నిజమైతే బయ్యన నిర్దోషి. ఒకటి తీసుకుని ఒకటి వదిలెయ్యడం కుదరదు. రణకేసరి ఎన్నో యుద్ధాలు చేసినవాడే గాని, ఆ రోజు ఆ మాటకు ఎదురు నిలబడలేకపోయాడు.

"ఈమె కూడా ద్రోహుల మనిషే. చెరసాలలో వెయ్యండి" అని అరిచాడు. ఆ అరుపుకు గొంతు చీరుకుపోయి దగ్గుతూ కూలబడ్డాడు.

మైలాంబను ఆ అన్నదమ్ములున్న కొట్లోనే వేశారు. చెమ్మకు వాళ్ల కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె తన పైట చింపి కట్లు కట్టింది.

"మమ్మల్ని కూడా బురుజు మీదికి తీసుకెళతారా అమ్మా?" అని పెద్దవాడు అడిగాడు.

"తెలియదు నాయనా" అంది ఆమె. తనకు తెలియనిది తెలుసని చెప్పే అలవాటు ఆమెకు లేదు.

రోజులు గడిచాయి. రాజు చిక్కి శల్యమయ్యాడు. చివరికి బాధ ఓర్చుకోలేక, ఎవరికీ చెప్పకుండా మైలాంబ చెప్పినట్టే చెయ్యడం మొదలుపెట్టాడు. వేటకు పోతున్నాననీ, వ్రతం పట్టాననీ విందులు తప్పించుకున్నాడు. పొద్దు ఉండగానే ఇంత మెత్తటి అన్నం తిన్నాడు. కోట గోడ మీద ఒంటరిగా నడిచాడు. మంచం తలవైపు చెక్కలు తానే స్వయంగా దూర్చాడు.

మొదట ఏమీ తెలియలేదు. తరువాత కొద్దికొద్దిగా తెలిసింది. ఒకరోజు కళ్లు తెరిచేసరికి కిటికీలో వెలుతురు ఉంది. అంతసేపు నిద్ర పట్టిందన్నమాట. నోట్లో పులుపు లేదు. గుటక వేశాడు. నొప్పి లేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని పసివాడిలా నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. విషం లేదు. ఎన్నడూ లేదు. ఇప్పుడు అందుకు తన ఒళ్లే సాక్షి. బురుజు మీదికి తీసుకెళుతున్నప్పుడు కూడా బయ్యన చేతులకు పిండి ఉందన్న సంగతి రాజుకు అప్పుడు గుర్తొచ్చింది. మంచం మీద అలాగే ముడుచుకుని కూర్చుండిపోయాడు.

అయినా అహంకారం అంత తేలికగా చావదు. ఆయన మైలాంబను రప్పించాడు.

"నీ వైద్యం పనిచేసింది. నీకో అగ్రహారం ఇస్తాను. కొలువులో ఒక్క మాట చెప్పు చాలు. నాకు పెట్టింది విషమేననీ, దాన్ని నువ్వు విరిచావనీ చెప్పు."

"చెప్పలేను ప్రభూ. అది విషం కాదు."

"ఆస్థాన వైద్యపదవి ఇస్తాను. వాచస్పతి నీ కింద పనిచేస్తాడు."

"వాచస్పతిగారు తెలిసి కూడా చెప్పని నిజమే ఇక్కడ ఒక ప్రాణం తీసింది. ఆ ఆసనంలో కూర్చుని నేనూ అదే పని చెయ్యాలా?"

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "చెప్పకపోతే బురుజు మీదికి పంపుతాను."

మైలాంబ గోడను పట్టుకుని నిలబడింది. "పంపండి. నాకు భయమే. కాని విషం అని నేనన్న మరుక్షణం చెరసాలలో ఉన్న ఆ ఇద్దరూ చస్తారు. మీరూ బతకరు ప్రభూ. జబ్బుకు విషమే కారణమనీ, అది పోయిందనీ లోకానికి చూపించాలంటే, మీరు మళ్లీ అందరి ముందూ పాత తిండే తినాలి."

రాజు ఆమెను చెరసాలకు తిప్పి పంపాడు. ఆమె మాటే నిజమైంది. రాజు కోలుకున్నాడని తెలియగానే వాచస్పతి పెద్ద విందు ఏర్పాటు చేయించాడు. "ద్రోహుల విషాన్ని మన ప్రభువు జయించారు" అని చాటించాడు. సామంతులు వచ్చారు, పురజనులు వచ్చారు. రాజు ముందు విస్తరి వేశారు. మాంసం, పులుసు, ఊరగాయ, కల్లు. అందరూ ఆయన చేతినే చూస్తున్నారు.

తినకపోతే అబద్ధం బయటపడుతుంది. రాజు తిన్నాడు. ఒక వాయి అయ్యాక రెండో వాయి వడ్డించారు. "ప్రభువుకు జయం" అని అరిచారు. ఆయన మళ్లీ తిన్నాడు.

మూడో వాయి వడ్డించబోతుండగా మంట ఎగదన్నింది. పుల్లటి నీళ్లు ముక్కులోకి, గొంతులోకి వచ్చాయి. రాజు రొమ్ము పట్టుకుని ముందుకు తూలాడు. చేతిలోని కల్లు పాత్ర దొర్లిపోయింది.

సభ గగ్గోలెత్తింది. "విషం! విషం!"

వడ్డిస్తున్న కొత్త వంటవాడి చేతిలోంచి గరిటె జారిపడింది. పెళ్లై ఏడాది కూడా తిరగని మనిషి. మోకాళ్ల మీద పడి, రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపుతున్నాడు. అంతలో విస్తట్లోని అన్నం పిడికెడు పిడికెడు తీసి నోట్లో కుక్కుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ తినమనలేదు. బయ్యన ఎలా చచ్చాడో ఆ వంటశాలలో అందరికీ తెలుసు.

భటులు అప్పటికే అతని జబ్బలు పట్టుకున్నారు.

"వదలండి" అన్నాడు రాజు. గొంతు పెగల్లేదు. భటులకు వినపడలేదు. వాళ్లు అతణ్ణి ఈడ్చుకుపోతున్నారు. రాజు లేచాడు, తూలుతూ వెళ్లి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"వదలండి! ఇతను ఏ తప్పూ చెయ్యలేదు. ఆ అన్నదమ్ములూ చెయ్యలేదు." సభ వైపు తిరిగాడు. "బయ్యనా చెయ్యలేదు. ఇది విషం కాదు. నా తిండి వల్ల నాకు వచ్చిన జబ్బు. బయ్యన నాకు మేలు చెయ్యబోతే నేను చంపించాను."

భటులు వంటవాణ్ణి వదిలేశారు. వాచస్పతి వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు. "నాకు ముందే తెలుసు ప్రభూ. చెప్పడానికి భయపడ్డాను."

"నాలుక కోస్తానని నిన్ను బెదిరించినవాణ్ణి నేనే" అన్నాడు రాజు. "అయినా నీ భయానికి వేరొకడి ప్రాణం ఇచ్చావు. ఈ రాజ్యంలో ఇక ఎవరి నాడీ పట్టకు. వెళ్లిపో."

చెరసాల తలుపులు తెరిచారు. చిన్నవాడు నడవలేకపోతే అన్న వీపు మీద మోసుకొచ్చాడు. మైలాంబను ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. రోగికి వైద్యుడు చెప్పే మాటకు ఇకమీదట శిక్ష లేదని శాసనం వేయించమని ఆమె కోరింది. రాజు వేయించాడు. మర్నాడే ఆమె తన పల్లెకు బయలుదేరింది.

"జబ్బు పూర్తిగా పోతుందా అమ్మా?" అని రాజు గుమ్మం దాకా వచ్చి అడిగాడు.

"మీరు హద్దులో ఉన్నంతకాలం అదీ హద్దులో ఉంటుంది ప్రభూ. అంతకంటే నేను మాట ఇవ్వలేను."

తరువాత రాజు ఊరి చివరి పూరిపాకకు నడిచి వెళ్లాడు. ముత్తక్క తిరగలి ముందు కూర్చుని ఉంది. రాజును చూసి లేవలేదు. ఆయన నేల మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. బంగారం తెచ్చాననీ, కోటలో ఇల్లు ఇస్తాననీ అన్నాడు.

"అవి తీసుకుని ఏం చేసుకోను దొరా?" అంది ఆమె. "నా పిల్లలు వీధిలోకి పోతే విషగాడి బిడ్డలంటున్నారు. నాకు చెప్పిన మాటే వీధిలో నిలబడి చెప్పు."

రాజు వీధిలో నిలబడి చెప్పాడు. గొంతు బొంగురుగానే ఉంది, అందుకని ప్రతి గుమ్మం ముందూ ఆగి మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముత్తక్క పిల్లలను దగ్గరకు తీసుకుని, ఆఖరి గుమ్మం దాకా వింది.

"నన్ను క్షమిస్తావా అమ్మా?" అని రాజు అడిగాడు.

"లేదు" అంది ముత్తక్క. పిల్లలతో లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

రణకేసరి ఆ తరువాత చాలా ఏళ్లు రాజ్యం చేశాడు. మితంగా తిన్నాడు. మాట తూలేవాడు కాదు. మంట చాలావరకు తగ్గింది. బురుజు వైపు మాత్రం మళ్లీ ఎన్నడూ వెళ్లలేదు.

కాబట్టి పిల్లలూ, మన బాధకు కారణం మనలోనే ఉందని మేలు కోరి ఒకరు చెబితే, కోపం తెచ్చుకోకుండా వెంటనే వినాలి; ఆలస్యంగా విన్నా జబ్బు తగ్గవచ్చు గాని, ఆలోగా మన కోపానికి బలైనవాళ్లు తిరిగి రారు.